థియొడర్ బిల్‌రోత్

క్రిస్టియన్ ఆల్బర్ట్ థియొడర్ బిల్‌రోత్ (ఏప్రిల్ 26, 1829 - ఫిబ్రవరి 6, 1894) 19వ శతాబ్దానికి చెందిన సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు, వైద్యశాస్త్ర ఆచార్యుడు. ఇతడు ప్రష్యా రాజ్యంలో జన్మించి ఆస్ట్రియా రాజధాని వియన్నాలో స్థిరపడ్డాడు. ఉదర శస్త్రచికిత్సకు ఆద్యుడిగా ఇతడిని పరిగణిస్తారు. 1881లో జీర్ణాశయ క్యాన్సర్‌ను కోసి తొలగించి, రోగి కోలుకునేలా చేసిన మొదటి వైద్యుడు ఇతడే. లాలాజల గ్రంథుల వంటి గ్రంథులలో అరుదుగా పుట్టే ఒక క్యాన్సర్‌కు సిలిండ్రోమా అని పేరు పెట్టాడు. దానినే నేడు అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అంటున్నారు. ఒకే వ్యక్తి దేహంలో రెండు క్యాన్సర్ కణితులు కనబడినప్పుడు అవి వేర్వేరుగా పుట్టినవా, లేక ఒకదాని నుండి మరొకటి వ్యాపించినదా అని నిర్ణయించడానికి నియమాలను మొదట సూచించినది కూడా బిల్‌రోతే.

బాల్యము, విద్యాభ్యాసము

బిల్‌రోత్ బాల్టిక్ సముద్రంలోని రూగెన్ దీవిలో బెర్గెన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి లూథరన్ చర్చి మతాచార్యుడు. ఐదుగురు కుమారులలో బిల్‌రోత్ పెద్దవాడు. ఇతడికి ఐదేళ్ళ వయసులో తండ్రి క్షయవ్యాధితో మరణించాడు. తల్లి పిల్లలతో గ్రైఫ్స్‌వాల్డ్ పట్టణానికి చేరుకున్నది. కొంతకాలానికి ఆమెను కూడా క్షయ బలిగొన్నది.

బడిలో బిల్‌రోత్ సామాన్యమైన విద్యార్థి. అతని మనసంతా సంగీతం మీదనే ఉండేది. సంగీతాన్నే వృత్తిగా స్వీకరించాలని కోరుకున్నా, కుటుంబ పరిస్థితుల వలన వైద్యవిద్యలో చేరాడు. గ్రైఫ్స్‌వాల్డ్‌లో కొద్దికాలం చదివి, ఆచార్య విల్‌హెల్మ్ బౌమ్ వెంట గొట్టింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ శరీరధర్మ శాస్త్రవేత్త రుడాల్ఫ్ వాగ్నర్ వద్ద సూక్ష్మదర్శినితో కణజాలాన్ని పరిశీలించే విద్య నేర్చుకున్నాడు. తరువాతి జీవితంలో కణితులపై ఇతడు చేసిన పనికంతటికీ ఈ విద్యే పునాది అయినది. 1852లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందాడు.

బెర్లిన్‌లో

పట్టా పొందిన తరువాత బిల్‌రోత్ బెర్లిన్‌లో సొంతంగా వైద్యం ప్రారంభించాడు. రెండు నెలలు గడిచినా ఒక్క రోగి కూడా రాలేదు. ఆ స్థితిలో, 1853లో, నాటి ప్రముఖ శస్త్రవైద్యుడు బెర్న్‌హార్డ్ ఫాన్ లాంగెన్‌బెక్ వద్ద సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. ఏడేళ్ళపాటు అక్కడే పనిచేశాడు.

ఆ రోజులలో శస్త్రవైద్యులలో ఎక్కువమంది కణితిని చేతి స్పర్శతోను, కోసినప్పుడు కంటికి కనబడే రూపంతోను గుర్తించేవారు. బిల్‌రోత్ తాము తొలగించిన కణితులను తానే పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించేవాడు. 1855లో శ్లేష్మపొరలలో పెరిగే పాలిప్‌ల నిర్మాణంపై గ్రంథం ప్రచురించాడు. 1860లో లాంగెన్‌బెక్ స్థాపించిన శస్త్రచికిత్సా పత్రికకు గుర్ల్ట్‌తో కలిసి సంపాదకుడిగా ఉన్నాడు.

1858లో క్రిస్టెల్ మైకేలిస్‌ను వివాహమాడాడు.

సిలిండ్రోమా

1856లో రక్తనాళాల వికాసంపై చేసిన పరిశోధనలలో భాగంగా బిల్‌రోత్ ఒక వింత కణితిని వర్ణించాడు. సూక్ష్మదర్శిని క్రింద దాని కణాల గుంపుల మధ్య, స్తంభాల వలె గుండ్రని, పారదర్శకమైన పదార్థపు కడ్డీలు కనిపించాయి. ఆ ఆకారాన్ని బట్టి దానికి సిలిండ్రోమా అని పేరు పెట్టాడు. 1859లో లాలాజల గ్రంథుల కణితులపై మరొక వ్యాసం ప్రచురించాడు. ఇటువంటి కణితిని అంతకు కొద్దికాలం ముందు ఫ్రాన్సులో రాబిన్, అతని సహచరులు కూడా గమనించారు. అయితే లోకంలో నిలిచిన పేరు మాత్రం బిల్‌రోత్ పెట్టినదే.

ఆ కడ్డీలకు రక్తనాళాల వికాసంతో సంబంధం ఉన్నదని నాడు బిల్‌రోత్ భావించాడు. అది సరికాదని తరువాత తేలింది. నిజానికి ఆ ఖాళీలు గ్రంథి గొట్టాలు కావు, రక్తనాళాలూ కావు. కణితి కణాలే ఉత్పత్తి చేసిన ఆధారత్వచ పదార్థం వాటిలో నిండి ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే అది జల్లెడ వలె కనబడుతుంది. కొన్ని కణితులలో గొట్టాల వంటి అమరిక, మరికొన్నింటిలో ఖాళీలు లేని గట్టి ముద్దల వంటి అమరిక ఉంటుంది. గట్టి ముద్దలు ఎక్కువగా ఉన్నవి ప్రమాదకరమైనవి.

ఈ కణితి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అందువలన దీనిని చాలాకాలం అంత హాని లేనిదిగా భావించారు. కానీ ఇది నాడుల వెంబడి పాకుతూ పోతుంది. శస్త్రచికిత్స తరువాత మళ్ళీ తలెత్తుతుంది. పదేళ్ళు, ఇంకా ఎక్కువ కాలం గడిచిన తరువాత కూడా ఊపిరితిత్తులలో బయటపడవచ్చు. 20వ శతాబ్దంలో దీని క్యాన్సర్ స్వభావం స్పష్టమైన కొద్దీ అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే పేరు స్థిరపడింది. ఇప్పుడు సిలిండ్రోమా అనే పేరును చర్మంపై, ముఖ్యంగా తలపై వచ్చే వేరొక కణితికి వాడుతున్నారు. అది సాధారణంగా హాని చేయనిది. పాత గ్రంథాలు చదివేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

జ్యూరిచ్‌లో

1860లో బిల్‌రోత్ స్విట్జర్లాండులోని జ్యూరిచ్ విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్సా శాఖ ఆచార్యుడిగా నియమితుడైనాడు. అప్పటికి అతని వయసు 31 సంవత్సరాలు. 1863లో శస్త్రచికిత్సకు సంబంధించిన పాథాలజీ, చికిత్సా విధానాలపై ఉపన్యాసాల రూపంలో వ్రాసిన పాఠ్యగ్రంథం వెలువడింది. ఇది అనేక ముద్రణలు పొందింది. పలు భాషలలోకి అనువాదమైనది. గాయాల వలన వచ్చే జ్వరంపై పరిశోధించి, శస్త్రచికిత్స జరిగిన రోగుల శరీర ఉష్ణోగ్రతను క్రమం తప్పకుండా కొలిచే పద్ధతిని ప్రవేశపెట్టాడు.

తన చికిత్సాలయంలో జరిగిన శస్త్రచికిత్సల ఫలితాలన్నింటినీ బిల్‌రోత్ ప్రచురించాడు. విజయాలతోపాటు మరణాలను, తప్పిదాలను కూడా దాచకుండా వెల్లడించాడు. విజయవంతమైన కేసులను మాత్రమే ప్రకటించుకోవడం అలవాటుగా ఉన్న ఆ కాలంలో ఇది అరుదైన విషయం. రోగి ఆసుపత్రి విడిచి వెళ్ళినంత మాత్రాన చికిత్స ఫలించినట్లు కాదని, తరువాతి సంవత్సరాలలో ఏమైనదో కూడా తెలుసుకోవాలని ఇతని అభిప్రాయం.

వియన్నాలో

1867లో వియన్నా విశ్వవిద్యాలయం బిల్‌రోత్‌ను ఆచార్య పదవికి ఆహ్వానించింది. అప్పటినుండి మరణించేవరకు అక్కడే పనిచేశాడు. 1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు మధ్య యుద్ధం మొదలైనప్పుడు స్వచ్ఛందంగా వెళ్ళి వైసెన్‌బర్గ్, మాన్‌హైమ్ పట్టణాలలోని సైనిక ఆసుపత్రులలో గాయపడినవారికి చికిత్స చేశాడు. 1882లో తన గురువు లాంగెన్‌బెక్ స్థానంలోకి రమ్మని బెర్లిన్ నుండి ఆహ్వానం వచ్చినా వియన్నాను వదలలేదు.

ఏ కొత్త శస్త్రచికిత్సనైనా ముందు జంతువులపై ప్రయోగించి, శవపరీక్షల సమాచారంతో సరిచూసి, ఆ తరువాతనే మనిషిపై చేయడం బిల్‌రోత్ పద్ధతి. 1871లో కుక్కల అన్నవాహికలో ముక్కను తొలగించి మళ్ళీ కుట్టే ప్రయోగాలు చేశాడు. 1877లో అతని శిష్యుడు విన్సెంజ్ చెర్నీ ఆ శస్త్రచికిత్సను మనిషిపై విజయవంతంగా చేశాడు. 1873 డిసెంబరు 31న బిల్‌రోత్ క్యాన్సర్ సోకిన స్వరపేటికను పూర్తిగా తొలగించాడు. అతని శిష్యుడు గుస్సెన్‌బౌవర్ ఆ రోగికి కృత్రిమ స్వరపేటికను రూపొందించాడు. కొన్ని నెలల తరువాత క్యాన్సర్ తిరగబెట్టి ఆ రోగి మరణించాడు.

జీర్ణాశయ శస్త్రచికిత్స

జీర్ణాశయపు దిగువ ద్వారం వద్ద క్యాన్సర్ పెరిగితే ఆహారం పేగులోకి దిగదు. రోగి ఆకలితో కృశించి మరణించేవాడు. బిల్‌రోత్ శిష్యులైన గుస్సెన్‌బౌవర్, అలెగ్జాండర్ ఫాన్ వినివార్టర్ ఈ సమస్యను రెండు వైపుల నుండి పరిశీలించి 1876లో ఫలితాలు ప్రకటించారు. ఒకవైపు కుక్కలలో జీర్ణాశయపు చివరి భాగాన్ని తొలగించి, జంతువు బ్రతకగలదని చూపారు. మరొకవైపు వియన్నాలో భద్రపరచిన శవపరీక్షల నివేదికలను తిరగవేసి, జీర్ణాశయ క్యాన్సర్‌తో మరణించినవారిలో చెప్పుకోదగిన సంఖ్యలో కణితి ఇతర అవయవాలకు వ్యాపించలేదని గుర్తించారు. అంటే కణితి పుట్టినచోటనే ఉన్నప్పుడు తొలగిస్తే ప్రయోజనం ఉండవచ్చు. ఈ శస్త్రచికిత్సకు తార్కిక ఆధారం ఇదే.

అంతకు ముందు 1879లో పారిస్‌లో పేయాఁ, 1880లో పోలండ్ దేశీయుడు రిడిగియర్ ఇదే ప్రయత్నం చేశారు. వారి రోగులు బ్రతకలేదు. 1881 జనవరి 29న బిల్‌రోత్ 43 ఏళ్ళ థెరిసా హెల్లర్‌కు శస్త్రచికిత్స చేసి, క్యాన్సర్ ఉన్న భాగాన్ని తొలగించి, మిగిలిన జీర్ణాశయాన్ని చిన్నపేగు మొదటి భాగానికి కలిపి కుట్టాడు. ఆమె కోలుకొని ఆహారం తీసుకోగలిగింది. కానీ సుమారు నాలుగు నెలల తరువాత మరణించింది. కుట్లు బాగానే మానాయి. మరణానికి కారణం అప్పటికే దేహంలో వ్యాపించి ఉన్న క్యాన్సర్. శస్త్రచికిత్స విధానం సరైనదని, కణితి ఎంతవరకు వ్యాపించినదో ముందుగా తెలియకపోవడమే అసలు అవరోధమని ఈ కేసు ద్వారా స్పష్టమైనది.

ఈ విధానానికి బిల్‌రోత్-1 అని పేరు. 1885లో చేసిన మరొక విధానంలో చిన్నపేగు మొదటి భాగాన్ని మూసివేసి, జీర్ణాశయాన్ని దాని తరువాతి భాగానికి కలిపాడు. దానిని బిల్‌రోత్-2 అంటారు. ఈ రెండు పేర్లూ నేటికీ వైద్యవిద్యార్థులు నేర్చుకొంటున్నారు.

ప్రాథమిక, ద్వితీయ కణితుల సమస్య

క్యాన్సర్ మొదట పుట్టినచోట ఉన్న కణితిని ప్రాథమిక కణితి అంటారు. దాని కణాలు రక్తం ద్వారా గాని, శోషరసం ద్వారా గాని వేరొక అవయవానికి చేరి అక్కడ పెరిగితే అది ద్వితీయ కణితి. ఈ వ్యాప్తిని మెటాస్టాసిస్ అంటారు. బిల్‌రోత్ యువకుడిగా ఉన్న రోజులలో ఈ విషయంపై ఏకాభిప్రాయం లేదు. క్యాన్సర్ సంధాయక కణజాలం నుండి పుడుతుందని రుడాల్ఫ్ విర్కో బోధించాడు. 1865లో థీర్ష్, 1867లో వాల్డయర్ ప్రచురించిన పరిశోధనలతో కార్సినోమా ఉపకళా కణాల నుండి పుడుతుందని, ఆ కణాలే ప్రయాణించి ద్వితీయ కణితులను కలిగిస్తాయని బలపడింది. ద్వితీయ కణితి కణాలు మూలకణితి కణాలను పోలి ఉంటాయన్న సూత్రం దీనినుండి వచ్చినదే.

అయితే ఒకే రోగిలో రెండు కణితులు కనబడితే ఏమి నిర్ణయించాలి? రెండవది మొదటిదాని నుండి వచ్చినదైతే వ్యాధి ముదిరినట్లు. దానిని కోసి తీసినా రోగికి బాధే మిగలవచ్చు. రెండవది స్వతంత్రంగా పుట్టిన వేరే క్యాన్సర్ అయితే దానిని తొలగించి నయం చేసే అవకాశం ఉంటుంది. మొదటి పొరపాటు వలన అనవసరమైన కోత, రెండవ పొరపాటు వలన దక్కవలసిన చికిత్స దక్కకపోవడం జరుగుతాయి.

చెవిపై చర్మ క్యాన్సర్, దానితోపాటు జీర్ణాశయ క్యాన్సర్ ఉన్న ఒక రోగిని బిల్‌రోత్ వర్ణించాడు. ఒకే మనిషిలో ఒకటి కంటే ఎక్కువ ప్రాథమిక క్యాన్సర్లు రావచ్చునని చూపిన తొలి వర్ణనలలో ఇది ఒకటి. ఇటువంటి కేసులను గుర్తించడానికి బిల్‌రోత్ సూచించిన నియమాలు మూడు:

* రెండు కణితుల కణజాల నిర్మాణం సూక్ష్మదర్శిని క్రింద వేర్వేరుగా ఉండాలి.
* అవి వేర్వేరు చోట్ల పుట్టినవై ఉండాలి.
* ప్రతి కణితికి దాని సొంత ద్వితీయ కణితులు ఉండాలి.

మూడవ నియమం చాలా కఠినమైనది. తొలిదశలోనే తొలగించిన క్యాన్సర్‌కు ద్వితీయ కణితులు ఉండవు గనుక, దీని ప్రకారం అటువంటి కేసులేవీ లెక్కలోకి రావు. మొదటి నియమానికి కూడా ఒక పరిమితి ఉన్నది. ఒకే రకమైన క్యాన్సర్ రెండు చోట్ల స్వతంత్రంగా పుడితే ఇది దానిని గుర్తించలేదు. 1932లో అమెరికాకు చెందిన షీల్డ్స్ వారెన్, ఆలివ్ గేట్స్ ఈ నియమాలను సడలించారు. రెండు కణితులూ నిస్సందేహంగా క్యాన్సర్ కావాలి, రెండూ విడివిడిగా ఉండాలి, ఒకటి మరొకదాని మెటాస్టాసిస్ అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చగలగాలి అని వారు ప్రతిపాదించారు. నేడు వాడే నిర్వచనాలు చాలావరకు దీనిపై ఆధారపడినవే.

సిలిండ్రోమా విషయంలో ఈ నియమాలు

బిల్‌రోత్ పేరు పెట్టిన కణితే అతని మొదటి నియమానికి లొంగదు. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా లాలాజల గ్రంథులలోనే గాక కన్నీటి గ్రంథి, శ్వాసనాళం, రొమ్ము, చర్మం మొదలైన చోట్ల కూడా ప్రాథమికంగా పుట్టవచ్చు. శ్వాసనాళపు గోడలలోని చిన్న గ్రంథులు నిర్మాణంలో లాలాజల గ్రంథులను పోలి ఉండడమే ఇందుకు కారణం. ఈ కణితి ఎక్కువగా వ్యాపించేది కూడా ఊపిరితిత్తులకే. అందువలన ఊపిరితిత్తిలో ఈ కణితి కనబడినప్పుడు, అది అక్కడే పుట్టినా, నోటి నుండి వచ్చినా సూక్ష్మదర్శిని క్రింద ఒకే రూపంలో ఉంటుంది.

ఊపిరితిత్తులలో సాధారణంగా వచ్చే అడినోకార్సినోమాను గుర్తించడానికి టీటీఎఫ్-1 అనే ప్రొటీను పరీక్ష తోడ్పడుతుంది. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా ఊపిరితిత్తిలోనే పుట్టినా ఈ పరీక్షలో సాధారణంగా ఫలితం కనబడదు. 2009లో ఈ క్యాన్సర్ కణాలలో ఎమ్‌వైబీ, ఎన్ఎఫ్ఐబీ అనే రెండు జన్యువులు కలిసిపోయి ఉంటాయని కనుగొన్నారు. ఇది క్యాన్సర్ రకాన్ని నిర్ధారించడానికి ఉపయోగపడుతుంది. కానీ లాలాజల గ్రంథిలో పుట్టిన కణితిలోను, ఇతర చోట్ల పుట్టిన కణితిలోను ఇదే మార్పు కనబడుతుంది గనుక పుట్టినచోటు ఏదో దీనివలన తెలియదు.

కాబట్టి వైద్యులు ఇతర ఆధారాలను చూస్తారు. కణితి పెద్ద శ్వాసనాళం లోపలి గోడ నుండి, ఒంటరిగా పెరుగుతూ ఉంటే అది అక్కడే పుట్టినదని భావించడానికి ఆస్కారం ఉన్నది. ఊపిరితిత్తుల అంచులలో గుండ్రని కణితులు అనేకం ఉంటే అవి ద్వితీయ కణితులు అయ్యే అవకాశం ఎక్కువ. నోరు, అంగిలి, ముక్కు, కన్నీటి గ్రంథి ప్రాంతాలను స్కానింగ్ ద్వారా పరీక్షిస్తారు. ఎన్నో సంవత్సరాల క్రితం దవడ క్రింద గాని, అంగిలిలో గాని ఏదైనా గడ్డ తీయించుకున్నారా అని రోగిని అడగడం అత్యంత ముఖ్యం. హాని లేనిదని రోగి మరచిపోయిన పాత గడ్డే మూలకణితి కావచ్చు. భద్రపరచిన పాత కణజాలం దొరికితే రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు.

క్యాన్సర్ గణాంకాలు

రోగులను చికిత్స తరువాత కూడా అనుసరించాలన్న బిల్‌రోత్ ఆశయాన్ని అతని శిష్యుడు వినివార్టర్ ఆచరణలో పెట్టాడు. వియన్నా చికిత్సాలయంలో చేరిన క్యాన్సర్ రోగుల వివరాలను సేకరించి 1878లో ప్రచురించాడు. శస్త్రచికిత్స జరిగిన రొమ్ము క్యాన్సర్ రోగులలో ఎక్కువమందికి కణితి మళ్ళీ వచ్చినదని ఇందులో తేలింది. ఇది ఇబ్బందికరమైన ఫలితమైనప్పటికీ దాచలేదు. 1880లో బిల్‌రోత్ రొమ్ము వ్యాధులపై ప్రత్యేక గ్రంథం వ్రాశాడు.

సూక్ష్మజీవులపై పరిశోధన

1874లో బిల్‌రోత్ గాయాలలో కనబడే సూక్ష్మజీవులపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. గొలుసుల వలె అమరి ఉండే సూక్ష్మజీవులకు స్ట్రెప్టోకాకస్ అని పేరు పెట్టినది ఇతడే. అయితే ఈ సూక్ష్మజీవులన్నీ ఒకే జీవికి వేర్వేరు రూపాలని ఇతడు భావించాడు. రాబర్ట్ కోక్ పరిశోధనలతో ఆ అభిప్రాయం వీగిపోయింది. జోసెఫ్ లిస్టర్ ప్రవేశపెట్టిన క్రిమినాశక పద్ధతిని మొదట సందేహించినా, 1870ల చివరిలో తన చికిత్సాలయంలో అమలు చేశాడు.

వైద్యవిద్య, వివాదం

జర్మన్ విశ్వవిద్యాలయాలలో వైద్యవిద్యా బోధనపై 1876లో బిల్‌రోత్ ఒక గ్రంథం వెలువరించాడు. ఇది తరువాతి కాలపు వైద్యవిద్యా సంస్కరణలపై ప్రభావం చూపింది. కానీ ఇందులో హంగరీ, గలీషియా ప్రాంతాల నుండి వియన్నాకు వచ్చే పేద యూదు విద్యార్థులను కించపరిచే వ్యాఖ్యలు చేశాడు. దీనివలన విశ్వవిద్యాలయంలో తీవ్రమైన అలజడి చెలరేగింది. యూదు వ్యతిరేక విద్యార్థి సంఘాలు ఈ వ్యాఖ్యలను తమకు అనుకూలంగా వాడుకున్నాయి. 1890లలో బిల్‌రోత్ యూదు వ్యతిరేకతను ఎదుర్కొనే సంఘంలో చేరినా, ఆ గ్రంథం వలన జరిగిన కీడు చరిత్రలో నిలిచిపోయింది.

నర్సుల శిక్షణ

రోగికి శస్త్రచికిత్స ఎంత ముఖ్యమో తరువాతి పరిచర్య అంతే ముఖ్యమని భావించి 1881లో రోగి పరిచర్యపై గ్రంథం వ్రాశాడు. 1882లో ఇతని చొరవతో వియన్నాలో రుడాల్ఫినర్‌హౌస్ అనే ఆసుపత్రి, నర్సుల శిక్షణాలయం ప్రారంభమైనది. మతసంస్థలతో సంబంధం లేకుండా నర్సులకు శిక్షణ ఇవ్వడం ఈ సంస్థ ప్రత్యేకత.

సంగీతం

బిల్‌రోత్ పియానో, వయోలా వాయించేవాడు. జ్యూరిచ్‌లో ఉండగా స్వరకర్త యోహానెస్ బ్రామ్స్‌తో పరిచయమై, అది గాఢమైన స్నేహంగా మారింది. బ్రామ్స్ రచనలు అనేకం వియన్నాలో బిల్‌రోత్ ఇంటిలోనే మొదట వినిపించాయి. 1873లో ప్రచురితమైన రెండు తంత్రీవాద్య చతుష్కాలను బ్రామ్స్ ఇతడికి అంకితమిచ్చాడు. చివరి సంవత్సరాలలో వారి మధ్య కొంత ఎడబాటు కలిగింది. సంగీతజ్ఞానం అంటే ఏమిటి అనే విషయంపై బిల్‌రోత్ వ్రాస్తూ అసంపూర్ణంగా విడిచిన గ్రంథాన్ని, అతని మరణానంతరం సంగీత విమర్శకుడు ఎడువార్డ్ హాన్స్‌లిక్ ప్రచురించాడు.

చివరి రోజులు

1887లో బిల్‌రోత్ ఆస్ట్రియా పార్లమెంటు ఎగువసభకు సభ్యుడిగా నియమితుడైనాడు. అదే సంవత్సరం తీవ్రమైన అస్వస్థతకు గురై, తరువాత గుండె జబ్బుతో బాధపడ్డాడు. 1894 ఫిబ్రవరి 6న ఏడ్రియాటిక్ తీరంలోని అబ్బాజియాలో, తన 64వ ఏట మరణించాడు. ఈ ఊరు ప్రస్తుతం ఒపాటియా అనే పేరుతో క్రొయేషియా దేశంలో ఉన్నది. వియన్నా కేంద్ర శ్మశానవాటికలో ఇతడి సమాధి ఉన్నది.

శిష్యులు

* విన్సెంజ్ చెర్నీ - అన్నవాహిక శస్త్రచికిత్సను మనిషిపై చేసినవాడు. తరువాత హైడల్‌బర్గ్‌లో క్యాన్సర్ పరిశోధనా సంస్థను స్థాపించాడు.
* యోహాన్ ఫాన్ మికులిజ్ - ఉదర శస్త్రచికిత్సలో, అన్నవాహికలోనికి చూసే పరికరాల అభివృద్ధిలో ప్రసిద్ధుడు.
* కార్ల్ గుస్సెన్‌బౌవర్ - బిల్‌రోత్ తరువాత వియన్నాలో అతని పదవిని చేపట్టాడు.
* ఆంటోన్ వోల్ఫ్‌లర్ - 1881 నాటి జీర్ణాశయ శస్త్రచికిత్సలో సహాయకుడు. క్యాన్సర్‌ను తొలగించలేని రోగులకు జీర్ణాశయాన్ని చిన్నపేగుతో కలిపే మార్గాన్ని అదే సంవత్సరం కనుగొన్నాడు.
* అలెగ్జాండర్ ఫాన్ వినివార్టర్ - క్యాన్సర్ రోగుల గణాంకాలను సేకరించాడు. తరువాత బెల్జియంలోని లీజ్‌లో ఆచార్యుడైనాడు.